సర్వమెరిగిన దేవుని యెదుట నిష్కపటమైన హృదయము



ఈ నెల ధ్యానమునకు పరిశుద్ధ గ్రంథములోనుండి రెండు భాగములను పక్కపక్కన పెట్టి చదువగోరుచున్నాము. ఒకటి అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయములోని మొదటి 11 వచనములు. అననీయ సప్పీరాల సంగతి. రెండవది యోహాను సువార్త 21వ అధ్యాయము 15వ వచనము మొదలుకొని 19 వరకు. తిబెరియ సముద్రపు ఒడ్డున ప్రభువు పేతురును అడిగిన మూడు ప్రశ్నలు. చదువు వచ్చినవారు ఈ రెండును బిగ్గరగా చదివి, ఇంటిలో చదువురాని పెద్దలకు వినిపించి, ఆ తరువాత ఈ పాఠమునకు రండి. సాధారణముగా మొదటి భాగమును భయపెట్టుటకును, రెండవదానిని ఓదార్చుటకును వాడుకొనుచుందురు. అయితే రెండు చోట్లను ఉన్న మనుష్యుడు ఒక్కడే. అతడు పేతురు. ఆ సంగతి మరచి చదివితిమా, రెండు భాగములును మనకు సగమే అర్థమగును.

పిల్లవాడు అటకమీది బెల్లమునకు చేయి చాపినప్పుడు తల్లి "దేవుడు చూచుచున్నాడురా" అని గద్దించును. మనలో అనేకులకు దేవుని సర్వజ్ఞత మొదట ఆ విధముగానే తెలిసినది. రాత్రివేళ కళ్లములో కావలివాని లాంతరువంటిది అది. ఎవరు ఏ మూట ఎత్తుదురోయని వెదకుచు తిరుగును. ఇది అబద్ధము కాదు. కాని ఇంతమట్టుకే నేర్చుకొన్నవాడు పెద్దవాడైనప్పుడు ఏమి చేయును? లాంతరు వెలుగు పడని చోటు కొరకు చూచును. దేవుని యెదుట అట్టి చోటు బయట ఎక్కడను లేదు గనుక, తన లోపలనే ఒకటి కట్టుకొనును. పైకి ఒక ముఖము, లోపల ఒక ముఖము.

అననీయ చేసినది ఇదే. సంగతి 4వ అధ్యాయము చివరనే మొదలగుచున్నది. కుప్రలో పుట్టిన యోసేపు అను లేవీయుడు తన భూమిని అమ్మి ఆ సొమ్మంతయు తెచ్చి అపొస్తలుల పాదములయొద్ద పెట్టెను. ఆదరించువాడను భావముతో బర్నబా అని అపొస్తలులు అతనికి పేరు పెట్టియుండిరి. సంఘములో అతనిపట్ల ఎంత గౌరవము కలిగియుండునో మనము ఊహింపవచ్చును. దాని వెంటనే అననీయ వచ్చుచున్నాడు. అతడును పొలము అమ్మెను. వెలలో కొంత దాచుకొనెను. మిగిలినది తెచ్చి, ఇదే మొత్తమన్నట్లు అదే పాదములయొద్ద పెట్టెను. దాచుకొనుట అనుటకు లూకా వాడిన గ్రీకు మాట సామాన్యమైనది కాదు. యెరికో కొల్లసొమ్ములో ఆకాను చేసినదానిని చెప్పుటకు, యెహోషువ 7వ అధ్యాయపు ప్రాచీన గ్రీకు భాషాంతరములో అదే మాట ఉన్నది. తన చేతిలో ఉన్నను తనది కానిదానిని చాటుగా తీసుకొనుట దాని అర్థము.

ఇక్కడ ఒకరు అడుగవచ్చును: పొలము అతనిదే, డబ్బు అతనిదే, మరి దొంగతనమెక్కడ? పేతురు కూడ ఆ మాటనే చెప్పెను గదా. అమ్మకముందు అది నీదే, అమ్మిన తరువాత ఆ సొమ్ము నీ వశములోనే ఉండెను అని అతడు స్పష్టముగా ఒప్పుకొనుచున్నాడు. పొలము అమ్మవలెనని ఎవరును అననీయను అడుగలేదు. అంతయు తెమ్మనియు అడుగలేదు. సగము తెచ్చి "అయ్యా, ఇది సగము; మిగిలినది మా ఇంటి ఖర్చులకు ఉంచుకొంటిమి" అని చెప్పియుండినయెడల ఆ సగము సంతోషముగా అంగీకరింపబడియుండును. ఆ దినము ఎవరును చనిపోయియుండరు. కాబట్టి అతని పాపము తక్కువ ఇచ్చుటలో లేదు. ఇవ్వనిదానికి కూడ ఇచ్చినవాని పేరు కావలెనని కోరుటలో ఉన్నది. దేవునికి చెందవలసిన సత్యమును దాచి, మనుష్యులయొద్ద మెప్పును కొనుక్కొనెను.

సుమారు 3 గంటల తరువాత సప్పీరా వచ్చెను. పేతురు ఆమెను వెంటనే నిందింపలేదు. పొలమును ఇంతకే అమ్మితిరా అని అడిగెను. మేము ఈ ప్రశ్నయొద్ద చాలసేపు ఆగుచుందుము. అది వల కాదు, వాకిలి. కాదు అను ఒక్క మాట చాలియుండును. ఆ వాకిలి తెరచియుండగా ఆమె భర్తతో చేసిన ఒప్పందమునే పట్టుకొని నిలిచెను. భార్య భర్తకు లోబడవలెనని పెండ్లిలో బోధించుచున్నాము, మంచిదే. దేవునితో అబద్ధమాడుటలో మాత్రము ఎవరును ఎవరికిని లోబడనక్కరలేదు.

ఇంత కఠినమైన తీర్పు ఏల అని లూకా వివరించి వ్రాయలేదు, మేమును వివరింపబూనము. అప్పటినుండి ఇప్పటివరకు సంఘములలో ఇట్టి అబద్ధమాడినవారందరు పడిపోయినయెడల మన గుడులలో ఎందరు మిగిలియుందురు? ఒక సంగతి మాత్రము చెప్పవలెను. గ్రామములో ఎవరైన హఠాత్తుగా చనిపోయినప్పుడు "ఏదో దాచియుండెను, అననీయవలె ఆయెను" అని గుసగుసలాడుట క్రైస్తవులకు తగదు. సిలోయములోని గోపురము కూలి 18 మంది చనిపోయినప్పుడు, వారు మిగిలినవారికంటె పాపులని తలంచుటకు మన ప్రభువు ఒప్పుకొనలేదు; వినుచున్నవారినే మారుమనస్సు పొందుమనెను. లూకా 13వ అధ్యాయములో చూడుడి.

మన బైబిలులో వేషధారి అను మాట కలదు. యేసు ప్రభువు పరిసయ్యులను గద్దించునప్పుడు పలుమారు వచ్చును. గ్రీకులో ఆ మాట నాటకములో వేషము కట్టువానికి చెల్లును. మన ఊళ్లలో నాటకము చూడనివారెవరు? రాత్రి తెల్లవార్లు హరిశ్చంద్రుడై సత్యము కొరకు కాటికాపరి పని చేసినవాడు, ఉదయమున ముఖపు రంగు కడుగుకొని ఎడ్లను తోలుకొని పొలమునకు పోవును. అతనిని ఎవరును అబద్ధికుడనరు. అది వేషమని అతనికిని తెలియును, చూచువారికిని తెలియును. గుడిలోని వేషమైతే వేరు. చూచువారికి తెలియదు. కొంతకాలమునకు కట్టినవానికి కూడ తెలియకుండ పోవును, రంగు చర్మమైపోవును.

కోతపండుగనాడు ఇది మనకు బాగుగా తెలియును. ధాన్యపు బస్తాలు, కోళ్లు, గుమ్మడికాయలు బలిపీఠము ముందు పెట్టుదురు, ఆరాధన పిమ్మట వేలము వేయుదురు, చందాల పేర్లు మైకులో చదువుదురు. పేర్లు చదువుట తప్పని మేము చెప్పము. లెక్క బహిరంగముగా ఉండుట సంఘమునకు మేలు. కాని పక్కింటివాని పేరు వినిన తరువాత మన సంఖ్య పెరిగినదా? ఇంటిలో అప్పు ఉండగా, కూలివారికి ఇవ్వవలసినది ఆపి, గుడిలో పెద్దసంఖ్య చదివించుకొంటిమా? ఏమియు లేని విధవరాలు పిడికెడు బియ్యము తెచ్చి "ఈ నెల ఇంతే అయ్యగారూ" అనినప్పుడు ఆ పిడికిలిలో అబద్ధమేమియు లేదు.

ప్రార్థనలోను ఇంతే. మన కూటములలో కొందరు మోకరించి తాము దుమ్మును ధూళినియని, పాపులలో మొదటివారమని చక్కగా చెప్పుదురు. మంచి మాటలే. కాని కూటము ముగిసిన తరువాత సంఘపెద్ద ఒకరు వచ్చి, "నీవు పాపులలో మొదటివాడవు సరే, ఆ తూకము సంగతి యొక్కటి సరిచేయుము" అనినయెడల అతడు నెలరోజులు గుడి గుమ్మము తొక్కడు. పాపినని మొత్తముగా ఒప్పుకొనుట సులువు, ఒక్క పాపమును పేరుపెట్టి ఒప్పుకొనుటయే కష్టము.

దేవుడు చూచునది ఏది? ఏలీయాబు నిలువెత్తును చూచి సమూయేలు వంటి ప్రవక్తయే పొరపడెను; యెహోవా అతనిని సరిదిద్దెనని 1 సమూయేలు 16వ అధ్యాయము చెప్పుచున్నది. యిర్మీయా 17వ అధ్యాయములో మరియొక మెట్టు దిగి వెళ్లుదుము. మనుష్యుని హృదయము మోసకరమైనదనియు, దేవుడే దానిని పరిశోధించుననియు అక్కడ ఉన్నది. మన తెలుగు బైబిలులో అంతరింద్రియములు అని ఉన్నచోట హెబ్రీ మూలములో మూత్రపిండములు అను మాట ఉన్నది. మేకను కోసినవారికి ఇది చెప్పనక్కరలేదు: అవి వీపు వైపున, కొవ్వులో కప్పబడి, పేగులన్నియు తీసిన తరువాత గాని చేతికి అందవు. ఆ ప్రవక్త అట్టి లోతును చెప్పుచున్నాడు. మన హృదయము మనలనే మోసగించునదైతే, నిష్కపటము అనగా నా మనస్సు నాకు పూర్తిగా తెలియుననుట కాదు. నాకు తెలియనిది ఆయనకు తెలియునని ఒప్పుకొని, చూడుమని తలుపు తీయుటయే.

139వ కీర్తనను ఈ విషయములో గమనించుడి. దానికి 24 వచనములు. మొదటి వచనములో దావీదు, దేవుడు తన్ను పరిశోధించియున్నాడని జరిగిపోయిన సంగతిగా చెప్పుచున్నాడు. నడుమ, ఆకాశమునకెక్కినను పాతాళమునకు దిగినను తప్పించుకొనలేనని చెప్పుచున్నాడు. చివరి రెండు వచనములలో ఆ సంగతియే ప్రార్థనగా మారినది. నన్ను పరిశోధింపుమని తానే అడుగుచున్నాడు. తప్పించుకొనలేని చూపును తానే కోరుకొనుచున్నాడు. ఆదికాండము 16వ అధ్యాయములోని హాగరును కూడ చూడుడి. యజమానురాలి బాధ పడలేక గర్భవతియై అరణ్యమునకు పారిపోయిన దాసి ఆమె. నీటి ఊటయొద్ద దేవుని దూత ఆమెను కనుగొనెను. ఆమె దేవునికి ఒక పేరు పెట్టెను. తన్ను చూచువాడని దాని భావము. ఊరిలో ఎవరి కంటికిని మనిషిగా ఆననిదానికి, చూచువాడొకడున్నాడనుట ఎంత గొప్ప సువార్తయో మన సంఘములలోని వృద్ధులు మాకంటె బాగుగా చెప్పగలరు.

ఇప్పుడు పేతురునొద్దకు రండి. అందరు అభ్యంతరపడినను తాను పడనని అతడు ప్రభువుతో పలికెను; మార్కు 14వ అధ్యాయములో ఉన్నది. అది వేషమని మేము తలంచము, ఆ గడియలో అతడు మనసారానే పలికెను. తన మనస్సు తనకు తెలియుననుకొనెను, అంతే. ఆ రాత్రియే ప్రధానయాజకుని ముంగిట చలి కాచుకొనుచు ముమ్మారు ఆయనను ఎరుగననెను. యోహాను ఆ మంటను చెప్పుటకు బొగ్గుల నిప్పు అనుటకు తగిన గ్రీకు మాటను వాడెను. క్రొత్త నిబంధనయంతటిలో ఆ మాట రెండే సార్లు వచ్చుచున్నది. ఒకటి ఆ ముంగిట, 18వ అధ్యాయములో. రెండవది 21వ అధ్యాయములో, తిరిగిలేచిన ప్రభువు ఒడ్డున చేపలు పెట్టి కాల్చిన నిప్పు. అబద్ధమాడిన రాత్రివంటి నిప్పుల యెదుటనే పేతురును కూర్చుండబెట్టి, భోజనము పెట్టి, పిమ్మట అడిగెను.

మొదటి ప్రశ్నలో ప్రభువు, వీరికంటె నీవు నన్ను ఎక్కువగా ప్రేమించుచున్నావా అను భావముతో అడిగెను. పేతురు ప్రేమను ఒప్పుకొనెను గాని, వీరికంటె అను మాటను ముట్టుకొనలేదు. ఇతరులతో పోల్చి చెప్పుకొను అలవాటు కోడి కూసిన ఆ ఉదయముననే చచ్చినది. ప్రేమకు ఇక్కడ గ్రీకులో రెండు మాటలున్నవని, ప్రభువు వాడినది ఒకటి, పేతురు వాడినది మరియొకటియని కొందరు బోధకులు దీర్ఘముగా చెప్పుదురు. ఆ భేదముపై పండితులు ఏకీభవింపరు గనుక మేము దానిపై గోడ కట్టము. మూడవసారి అడుగగా పేతురు వ్యసనపడి, ప్రభువుకు అన్నియు తెలియుననియు, తాను ప్రేమించుచున్న సంగతియు తెలియుననియు జవాబిచ్చెను.

ఈ జవాబును తేలికగా దాటిపోకుడి. తన ప్రేమకు సాక్ష్యముగా పేతురు ఏమి చూపగలడు? కన్నీళ్లు విడిచితిననలేదు. ఆ ఉదయమే ప్రభువును చూచి సముద్రములో దుమికితిననలేదు. సాక్షులను పిలిచినయెడల అందరును అతనికి విరోధముగానే చెప్పుదురు: ద్వారపాలకురాలు, చలి కాచుకొన్నవారు, కోడి. తన హృదయమునే సాక్షిగా పిలువవలెనన్న, అది ఒకసారి మోసపుచ్చినది. మిగిలిన సాక్షి ఒక్కడే, సమస్తము తెలిసినవాడు. ఆ మూడు అబద్ధములును పూర్తిగా తెలిసినవాడు ఆయనే. వాటి అడుగున నలిగిపోయియు చావని ప్రేమ తెలిసినవాడును ఆయనే. అననీయకు ప్రాణాంతకమైన ఆ సర్వజ్ఞతయే పేతురునకు నిలువ నీడ ఆయెను. దేవుడు మారలేదు. ఒకడు ఆయన ఎరుగడనుకొని దాచెను, మరియొకడు ఆయన ఎరుగునని ఆయనమీదనే ఆనుకొనెను.

ఇంతటివాడు అననీయ యెదుట నిలిచియున్నాడు. అతని స్వరమును కచేరీలో అధికారి స్వరమువలె మనము చదువుచుందుము. అట్లు కాదేమోనని మాకు తోచుచున్నది. అబద్ధము ఎంత సులభముగా నోట వచ్చునో, దాని తరువాత ఏడ్పు ఎట్లుండునో ఆ గదిలో అతనికంటె తెలిసినవాడు లేడు. తాను అబద్ధమాడిన వెంటనే ప్రభువు తిరిగి తనవైపు చూచెనని లూకా 22వ అధ్యాయము చెప్పుచున్నది. ఆ చూపునకు అతడు కరగెను. సప్పీరా యెదుట తెరచిన వాకిలి తాను లోపలికి వచ్చిన వాకిలియే.

అయితే పేతురు మాటను దొంగిలించువారున్నారు. "గుడికి రాకపోతేనేమి, నా మనస్సు దేవునికి తెలుసు." "అప్పు తీర్చలేదు గాని, నా మనస్సు మంచిదని దేవునికి తెలుసు." ఇట్టి మాటలు ప్రతి గ్రామములోను వినుచున్నాము. మాటలు ఒకటే, పని వేరు. పేతురు ఆ మాటతో తన్ను తాను వెలుగులోనికి తెచ్చుకొనెను. వీరు దానిని తెరగా కట్టుకొనుచున్నారు. పేతురునకు వెంటనే పని వచ్చెను, గొఱ్ఱెలను మేపు పని. అతడు దానిని నెరవేర్చెను. దేవునికి నా మనస్సు తెలియునని చెప్పువాడు, ఆయన దానిలో ఏమి చూచుచున్నాడో వినుటకు ఒక్క నిమిషమైనను ఆగవలెను.

మాకు తెలిసిన యొక సహోదరుడు రెండేండ్లపాటు ప్రభువు బల్లకు ముందే లేచి గుడినుండి వెళ్లిపోవుచుండెను. పడిపోయినాడని అందరును అనుకొనిరి. ఒకనాడు అడిగితిమి. పొలము గట్టు విషయములో అన్నతో తగవు. "అయ్యగారూ, అన్నను క్షమించితినని నోటితో చెప్పలేను. చెప్పితే అబద్ధమవుతుంది. అబద్ధముతో బల్ల ముట్టలేను" అనెను. బల్ల చుట్టు మోకరించిన అనేకులకంటె అతడు దేవుని భయము కలవాడని మాకు తోచినది. "నాయనా, ఈ మాట దేవునితో చెప్పితివా?" అని అడిగితిమి. చాలసేపు నేల చూచెను. చెప్పలేదు. అంత నిజాయితీపరుడును, దేవునికి ఈ సంగతి తెలియనట్లే ప్రార్థనలో వర్షము కొరకు, బిడ్డల చదువు కొరకు మాత్రమే అడుగుచుండెను. ఆ రాత్రి కలిసి మోకరించితిమి. అతని ప్రార్థన చాల చిన్నది. తనకు క్షమింపవలెనని లేదనియు, ఆ కోరిక కూడ లేదనియు, అది ప్రభువుకు తెలియుననియు చెప్పి ఊరకుండెను. మేము ఆమేన్ అంటిమి.

కొన్ని వారముల తరువాత దీపాలవేళ అతడు అన్న వాకిట నిలిచెను. మత్తయి 5వ అధ్యాయములో ప్రభువు అర్పణను అక్కడనే విడిచి ముందు సహోదరునితో సమాధానపడుమని చెప్పిన సంగతి అతనికి తెలియును. అన్న లోపలికి రమ్మనలేదు. వదిన చెంబుతో నీళ్లిచ్చెను. గట్టు తగవు ఆ దినమున తెమలలేదు. ఆ నెల అతడు బల్ల ముందు లేచి వెళ్లలేదు.

మొదటి యోహాను పత్రిక 3వ అధ్యాయములో, క్రియలతోను సత్యముతోను ప్రేమింపుమని చెప్పిన వెంటనే, మన హృదయము మనమీద దోషము మోపినప్పుడు దేవుడు మన హృదయముకంటె గొప్పవాడనియు ఆయనకు అంతయు తెలియుననియు వ్రాయబడినది. కొందరు దీనిని భయముగా చదువుదురు. యోహాను ఆ మాటను మనము ఆయన యెదుట ధైర్యము తెచ్చుకొనుటకే వ్రాసెను. నన్ను నేను నిందించుకొనినను తుది తీర్పు నాది కాదు. నన్ను నేను మెచ్చుకొనినను నాది కాదు.

ఈ నెల సంస్కారపు ఆదివారమునకు ముందు శనివారము రాత్రి సిద్ధపాటు కూటము జరుగు సంఘములలో, పాపపు ఒప్పుదల చెప్పుటకు ముందు 5 నిమిషములు అందరును మౌనముగా మోకరించియుండవలెనని సంఘపెద్దలను కోరుచున్నాము. ఆ సమయములో ఎవరును బిగ్గరగా ప్రార్థింపవద్దు, పాట ఎత్తవద్దు. పసిబిడ్డలు ఏడ్చినను తల్లులు బయటకు పోనక్కరలేదు. ఒక్కొక్కరు తనకు తెలిసిన ఒక్క సంగతిని దాని సొంత పేరుతో ప్రభువుకు చెప్పవలెను: తూకమైతే తూకమని, గట్టైతే గట్టని, చందాయైతే చందాయని. మాటలు దొరకనివారు యోహాను 21వ అధ్యాయములో పేతురు ఇచ్చిన మూడవ జవాబును తలంచుకొని, ఆయన యెదుట ఊరకుండవచ్చును.